తేలిక చక్రాలు

సైకిళ్ళ షాపులో తుల్లియో ఒక కొత్త చక్రాన్ని చూపుడు వేలితో పైకెత్తి, రెండో చేత్తో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.

"ఈక బరువు కూడా లేదు, చూడు" అన్నాడు.

ఎర్మెస్ చూడలేదు. "నీ పాతవాటికేమొచ్చింది? దండగ. పద, పోదాం."

ఇద్దరూ ఇటలీలోని ఫెల్త్రె ఊళ్ళో ఒకే కళ్ళద్దాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఆదివారం వస్తే సైకిళ్ళ మీద కొండెక్కుతారు. పైన తుల్లియో అక్క ఫియొరెంజా కాఫీ కొట్టు ఉంది. భర్త పోయాక ఆవిడ ఒక్కతే నడుపుతోంది. ఎర్మెస్ ఎప్పుడూ ముందే చేరేవాడు. తుల్లియో నిటారు మలుపుల దగ్గర దిగి, సైకిలు తోసుకుంటూ, రొప్పుతూ చేరేసరికి స్నేహితుడి కాఫీ ఎప్పుడో అయిపోయి ఉండేది. ఒక్కసారైనా తనకోసం ఆగవేమని అడిగితే, మధ్యలో ఆగితే కాళ్ళు పట్టేస్తాయనేవాడు.

చక్రాలూ గేర్లూ మార్చాలనుకుంటున్నానని అక్కకి ఫోన్ చేశాడు. ఆవిడా కోప్పడింది. ఈ వయసులో ఎవరితో పందెమని, దారిలో చెట్ల కింద కూర్చుని, నీళ్ళు తాగి, తీరిగ్గా రమ్మని చెప్పింది.

అక్క మాట భయం కొద్దీ అన్నదే అనుకున్నాడు. ఎర్మెస్ మాట మాత్రం నమ్మలేదు. వాడికి ఓడిపోతానని బెంగ, అంతే. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాడు. చివరికి ఆ ఏడాది సముద్రతీరానికి వెళ్ళడం మానేసి, ఆ డబ్బు పట్టుకుని ఒంటరిగా షాపుకెళ్ళి తేలిక చక్రాలు, ఎత్తులెక్కడానికి పనికొచ్చే గేర్లు వేయించుకున్నాడు.

ఆదివారం ఒక్క మలుపులోనూ దిగలేదు. ఎర్మెస్ వెనక్కి చూశాడు. వేగం పెంచాడు. మళ్ళీ చూశాడు. తుల్లియో వెనకే ఉన్నాడు. ఇద్దరూ కలిసే కొట్టు ముందు దిగారు.

తుల్లియోకి పట్టరాని సంతోషం. పాతికేళ్ళ వాడిలా ఛాతీ విరుచుకుని లోపలికి నడిచాడు. ఫియొరెంజా ఇద్దరినీ చూసి, మెచ్చుకోకపోగా, కప్పులు టకటకా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎర్మెస్ చక్కెర వేయని కాఫీని కలుపుతూ కూర్చున్నాడు.

"దండగన్నావుగా. ఇప్పుడేమంటావు? నువ్వూ మార్పించుకో" అన్నాడు తుల్లియో.

ఎర్మెస్ చెంచా తీసి సాసర్లో పెట్టాడు.

"ఒక్కసారి సమానంగా వచ్చినందుకే ఇంత మూతి ముడవాలా? చెప్పు అక్కా, నువ్వైనా."

ఫియొరెంజా చేతులు తుడుచుకుని వచ్చి, తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"తుల్లియో, కాస్త కిందికి దిగి మళ్ళీ ఎక్కి రా."

"ఎందుకు?"

"పోయినవారం నువ్వొచ్చేసరికి ఈయన నాతో ఎత్తిన పెళ్ళి మాట సగంలో ఉంది."