రెండు కెటిళ్ళు

"నా కెటిల్ ఏదీ?" అని డోరీన్ ఒక్క మాట అడిగి ఉంటే సిరిల్ ప్రాణం కాస్త తెరిపిన పడేది. ఆవిడ అడగలేదు. పాలు కాచుకునే గిన్నెలో నీళ్ళు పోసి, టీ కోసం పొయ్యి మీద పెట్టింది. ఇంగ్లండులోని ఆ బార్న్స్‌లీ ఊళ్ళో గిన్నెలో నీళ్ళు కాచి టీ పెట్టుకుంటున్నారంటే, ఆ ఇంట్లో ఏదో కాని పని జరిగిందనే ఇరుగుపొరుగు అనుకుంటారు.

"పదింటికి డాక్టరు దగ్గర ఉండాలి. ఆ జ్ఞాపకశక్తి పరీక్ష," అంది డోరీన్. "నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను, వేసుకో."

"నాకెందుకే నీలం చొక్కా? చూసేది నిన్నేగా?"

"పక్కన కూర్చునేవాడు కూడా మనిషిలా కనబడొద్దూ?"

సిరిల్‌కు నవ్వు రాలేదు. నీళ్ళు లేకుండా కరెంటు కెటిల్ పెట్టావే, అడుగు మాడిపోతే పారేశాను అని ఆవిడతో అబద్ధం ఆడింది తనే. అలా ఒకసారి కాదు, రాత్రి రెండో కెటిల్‌కూ అదే అబద్ధం. మొదటిసారి డోరీన్ కుర్చీలో కూలబడి, "మా అమ్మకూ ఇలాగే మొదలైంది సిరిల్, చివరికి నా పేరు కూడా మరిచిపోయింది," అంది. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. ఇప్పుడు డాక్టరు దగ్గర్నుంచి చీటీ వచ్చింది.

ఇవాళ చెప్పకపోతే నేను మనిషినే కాను అనుకున్నాడు.

"డోరీన్, ఒక్కసారి షెడ్డులోకి రా."

ఎందుకని ఆవిడ అడగలేదు. గడియారం వంక చూసి, పొయ్యి ఆర్పి, స్వెటర్ భుజాన వేసుకుని వెంట నడిచింది. షెడ్డులో బోర్లించిన పెట్టె మీద దుమ్ము దులిపి కూర్చుంది.

సిరిల్ దుప్పటి తీశాడు. కింద తెల్లటి దళసరి ప్లాస్టిక్ బకెట్, ముప్ఫై లీటర్లది. అడుగున ఒక కుళాయి, పక్కన నీళ్ళు కాగబెట్టే రెండు కరెంటు కాయిళ్ళు, మూతకు ఆవిరి పోయే కన్నం. అసలు మాట నోటికి రాక, పనితనం చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది బీరు కాచుకునే బకెట్. మరుగుతున్న నీళ్ళకు కూడా మెత్తబడని రకం. ప్లాస్టిక్కే కదా, షాకు కొట్టదులే అని జనం ఎర్తు వైరు మానేస్తారు. లోపల మరిగేది నీళ్ళు కాదూ? నేను ప్రతి కాయిల్‌కీ ఎర్తు ఇచ్చాను. పైగా ఇదిగో, ఈ స్విచ్చి ఉందే, ఏ కాస్త తేడా వచ్చినా..."

"టక్కున కరెంటు ఆపేస్తుంది," అంది డోరీన్.

"నీకెలా తెలుసు?"

"బొగ్గుగనిలో నలభై ఏళ్ళు కరెంటు పని చేసినవాడి పెళ్ళాన్ని. ఆ మాత్రం తెలీదా?"

"అన్నిటికన్నా ముఖ్యం, కాయిల్ మునిగేదాకా నీళ్ళు పోశాకే స్విచ్చి వెయ్యాలి. ఉత్త కాయిల్ వేశామా, మాడి..."

అక్కడ ఆగిపోయాడు. తను ఆవిడ మీద వేసిన నింద అదే. చెవుల దాకా ఎర్రబడ్డాడు. టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"ఈ కాయిళ్ళు నీ కెటిళ్ళవే డోరీన్."

ఆవిడ వంగి కాయిళ్ళ వంక చూసింది.

"వచ్చే నెల క్లబ్బులో ఇంట్లో కాచిన బీరుకు పోటీ కదా. ఆదివారం సాయంత్రం షాపులు మూసేశారు. నాకు ఆత్రం ఆగలేదు. నీ కెటిల్ విప్పి కాయిల్ తీసుకున్నాను, మర్నాడే కొత్తది కొని పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు అడిగావు, నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. తీరా చూస్తే పాతిక లీటర్లు మరగడానికి ఒక కాయిల్ చాల్లేదు. రెండోది కూడా..." టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వేమీ మాడ్చలేదే. నీ బుర్ర బంగారం. సిగ్గులేని వెధవని నేను. కట్టుకున్నదాన్ని భయపెట్టి, నా పరువు కాపాడుకున్నాను. ఆ డాక్టరుకు ఫోన్ చేసి రావడంలేదని చెప్పేద్దాం."

తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండుననుకున్నాడు. డోరీన్ లేచి వచ్చి, స్వెటర్ చేతిలో దోపుకున్న రుమాలు తీసి అతని ముక్కు తుడిచింది.

"ఎన్ని కెటిళ్ళు, సిరిల్?"

"రెండు."

"సరిగ్గా గుర్తుందా?"

"నేనేగా విప్పింది! రెండే."

ఆవిడ బల్ల కింద ఉన్న గోనెసంచి ఇవతలికి లాగి, మూతి విప్పి పట్టుకుంది. సిరిల్ తొంగి చూశాడు. పైన రాత్రి తను విప్పిన తెల్ల కెటిల్. దాని కింద నీలంది. ఆ కింద ఒక పచ్చది, పూల బొమ్మది, ఇంకో తెల్లది, మీగడ రంగుది. అన్నిటికీ అడుగున అదే కన్నం, తన చేత్తో నున్నగా అరగదీసిన అంచు. పక్కనే నాలుగు కాయిళ్ళు కాగితంలో జాగ్రత్తగా చుట్టి ఉన్నాయి.

"ఇవి... ఎవరివి?"

డోరీన్ అతని చేతిలోని టోపీ తీసుకుని తల మీద సరిగ్గా పెట్టింది.

"రెండు కెటిళ్ళు తీశానని నువ్విలా పిలిచి ఏడవడం ఇది మూడోసారి, బంగారం. పద, చొక్కా వేసుకో. డాక్టరు చీటీ మీద ఉన్నది నీ పేరు."