మా వంశంలో లేదు

"మా వంశంలో ఆ జబ్బు లేదు. ఎవరికీ లేదు. ఇక నువ్వు వెళ్ళొచ్చు," అంది అత్త, ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

గుమ్మంలో నిలబడ్డ నర్సు కదల్లేదు. డిప్రెషన్ మీద పరిశోధనకు నమూనాలు సేకరిస్తూ తిరుగుతుంటే, ఆ వీధిలో అప్పటికే చాలా తలుపులు ఆమె ముఖం మీదే పడ్డాయి. ఈ తలుపు కూడా పడనిచ్చే ఉద్దేశం ఆమెకు లేదు.

"రమ్మన్నది నేనే అత్తయ్యా," అంటూ కోడలు లోపల్నుంచి వచ్చింది. మాసిన దుప్పట్ల మూటను కాలితో పక్కకు నెట్టి నర్సుకు కుర్చీ వేసింది. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆమె డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. ఇంట్లోనే నడిపే తమ లాండ్రీకి వచ్చేవాళ్ళు అడిగితే 'ఒంట్లో రక్తం తక్కువ' అని చెప్పేది అత్త.

"ఊరంతా తెలియాలనా నీ ఆరాటం?"

"తెలిస్తే తెలియనీయండి. దాచీ దాచీ నాకే విసుగొచ్చింది."

అత్త నర్సు వైపు తిరిగింది. "ఇంతకీ ఏం తీసుకుంటావు? రక్తమా?"

"కాదమ్మా. ఈ చిన్న గొట్టంలో కాస్త ఉమ్మితే చాలు."

"ఉమ్మిలో దిగులు కనబడుతుందా?" అత్త పకపకా నవ్వింది.

"దిగులు కనబడదు. తాతముత్తాతల నుంచి వచ్చిన జన్యువులు కనబడతాయి. వాటిని బట్టి కొందరికి ఈ జబ్బు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. కాకపోతే ఇన్నాళ్ళూ పరీక్షించింది ఎక్కువగా యూరప్ మూలాలున్న తెల్లవాళ్ళని. వాళ్ళలో దొరికింది మనకీ వర్తిస్తుందో లేదో తెలీదు. మనలాంటివాళ్ళని చూసింది చాలా తక్కువ."

"ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా మనకి తొడుగుతున్నారన్నమాట," అంది కోడలు.

"మనలాంటివాళ్ళా!" అత్త గొంతు లేచింది. "మా తాతలు ఇండియా నుంచి ఓడల్లో ఈ దేశం వచ్చి రాళ్ళు కొట్టి బతికారు. మా పుట్టింట్లో గానీ, ఈ ఇంట్లో గానీ కుంగిపోయి కూర్చున్నవాళ్ళు ఒక్కరు లేరు. ఇది నీ పుట్టింటి నుంచే వచ్చుంటుంది."

కోడలి కళ్ళు ఎర్రబడ్డాయి. కానీ ఏడవలేదు. చెయ్యి చాచి గొట్టం అందుకుంది.

"మా పుట్టింటిదే అనుకోండి. అదైనా తేలాలిగా. రేపు నా కూతురికి ఇలాంటి రోజులొస్తే, డాక్టరు చీకట్లో రాయి విసిరినట్టు మందులు మార్చి మార్చి రాయకూడదు. అంతే."

మూత తీసి ఉమ్మింది. నోరెండిపోయి కాసేపు పట్టింది. అయినా గొట్టం మీది గీత దాకా నింపి గానీ ఇవ్వలేదు.

నర్సు దాన్ని భద్రంగా పెట్టెలో పెట్టుకుని, "అమ్మా, మాకు ఈ జబ్బు లేనివాళ్ళు కూడా కావాలి. పోల్చి చూడాలి కదా," అంది.

ఇస్త్రీపెట్టె ఆగింది.

"అయితే నాది చూస్తే మా వంశంలో లేదని రుజువైపోతుందా?"

"రుజువని చెప్పలేనమ్మా. మీకు ఇష్టమైతే ఇవ్వండి, ఎంతో మేలు చేసినవాళ్ళవుతారు."

"ఇష్టం లేకపోవడమేమిటి? ఇటు తే." అత్త కొంగుతో మూతి తుడుచుకుని, కోడలి వంక ఓరగా చూస్తూ గొట్టం నింపేసింది. "చాలదంటే ఇంకోటి ఇవ్వు."

"చాలమ్మా. కొన్ని ప్రశ్నలున్నాయి. వద్దనుకున్నవాటికి జవాబు చెప్పకపోయినా పర్లేదు."

"అడుగు. నా దగ్గర దాపరికాల్లేవు."

"షుగరు, బీపీ ఏమైనా?"

"ఏవీ లేవు."

"పనులు మామూలుగా చేసుకోగలుగుతున్నారా?"

"తెల్లారకముందే లేస్తాను. ఏనాడూ మంచాన పడి ఎరగను. కావాలంటే దీన్నడుగు."

"నిజమే," అంది కోడలు. ఆ మాటలో వెటకారం లేదు.

నర్సు తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది. "ఎప్పుడైనా కొన్ని వారాలపాటు దేనిమీదా మనసు లేకుండా, అసలెందుకు బతుకుతున్నానా అనిపించిందా?"

అత్త ఇంకో దుప్పటి పరిచి, ముడతల మీద నీళ్ళు చిలకరించింది.

"ఎప్పుడైనా ఏంటమ్మాయ్, రోజూ పొద్దున లేవగానే అనిపించేది అదేగా," అంది మామూలుగా. "మా అమ్మకీ అంతే, మా అమ్మమ్మకీ అంతే. ఏం, మీకెవరికీ అనిపించదా?"