చూడకపోవడమే మందు

సదాశివ ఇంట్లోంచి బయటపడడమంటే మాటలు కాదు. పొయ్యి ఆరిందో లేదో చూస్తాడు. వీధి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చి చూస్తాడు. పెరట్లో కట్టెల కొట్టు దగ్గరైతే మరీ అన్యాయం. నిప్పురవ్వ ఏమైనా ఉందేమోనని ప్రతి కట్టెనూ తడుముతాడు. తాళం వేస్తాడు. వేశానా లేదా అని లాగి చూస్తాడు. లాగినప్పుడు ఊడిందేమోనని మళ్లీ తీస్తాడు. రాంగోపాల్‌పేట్‌లో ఇరుగుపొరుగు అతన్ని చూసి నవ్వడం కూడా మానేశారు.

నిజాం సర్కారు ఠాణాలో అతను గుమాస్తా. అక్కడ ఇంకో తంతు. చేసిన తప్పయినా, చూసిన తప్పయినా ఠాణా పెద్ద అమీన్ సాబ్ చెవిన వేస్తే గాని అతనికి అన్నం సయించదు. ఆఫీసు సిరా ఇంటికి వాడానని ఒప్పుకున్నాడు. అమీన్ సాబ్‌ను మనసులో తిట్టుకున్నానని కూడా ఒప్పుకున్నాడు. బావమరిది మధుసూదన్ గాంధీ టోపీ కొన్నాడనీ చెప్పేశాడు. ఆ కుర్రాడు ఆ రోజే ఊరొదిలి పారిపోయాడు. సదాశివ మాత్రం ఆ పూట హాయిగా భోంచేశాడు.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో అమీన్ సాబ్‌కు ఓపిక నశించింది.

“మున్షీ, ఇంకొక్క దినం లేటుగొస్తే నీ నౌకరీ పోతది. పెళ్లాంతోని ఆ కట్టెల కొట్లనే కాపురం పెట్టుకో.”

సదాశివ ఇంటికెళ్లి ఆ మాట భార్యకు చెప్పాడు. నౌకరీ పోతే ఇద్దరూ అడుక్కుతినడమే.

మర్నాడే భార్య కమలాబాయి ఒక డాక్టరును తీసుకొచ్చింది. పేరు జకర్యా. మారేడ్‌పల్లిలో కొత్తగా దిగాడు. మద్రాసులో మనసు చదువు చదివాడట. చేతిలో బరువైన తోలు సంచి. మనసును చూడడానికి అంత సంచి ఎందుకో సదాశివకు అర్థం కాలేదు. పెద్ద చదువు కదా అని సరిపెట్టుకున్నాడు.

“మీది సందేహం జబ్బండీ,” అన్నాడు జకర్యా. “చూసినకొద్దీ పెరుగుతుంది. చూడకుండా ఓర్చుకుంటే అదే చస్తుంది. ముందు ఆ కట్టెల కొట్టుతో మొదలెడదాం. తాళంచెవి మీ ఆవిడకిచ్చేయండి.”

“నిప్పంటుకుంటే, డాక్టర్ సాబ్?”

“నేను వెళ్లి చూస్తాను. ఏం చూశానో మీకు చెప్పను. ఆ తెలియకపోవడాన్నే మీరు భరించాలి. మందు అదేనండీ.”

ఇదేం మందురా దేవుడా అనుకుంటూ సదాశివ వీధి అరుగు మీద కూర్చుని చెమటలు కక్కాడు. చాలాసేపటికి డాక్టరు పెరట్లోంచి వచ్చి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. గోళ్ల సందులు కూడా వదల్లేదు.

సదాశివ ప్రాణం కుదుటపడింది. పాపం, ఈయనకూ ఉంది జబ్బు! మర్నాడు ఆ ముక్క అమీన్ సాబ్ చెవిన వేశాడు. అమీన్ సాబ్ కడుపుబ్బ నవ్వాడు.

డాక్టరు రావడం, కొట్టులోకి వెళ్లడం, చేతులు కడుక్కోవడం అలవాటైపోయింది. ఒకసారి సదాశివ ఇక ఉండబట్టలేక కొట్టు వైపు పరుగెత్తాడు. కమలాబాయి అడ్డం నిలబడింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మీకు దండం పెడ్త, లోపటికి పోకుర్రి. ఇన్ని దినాల తక్లీఫ్ అంత మట్టిల కలుస్తది.”

తన జబ్బు గురించి భార్యకు ఇంత బెంగా! సదాశివ కళ్లు చెమర్చాయి. బుద్ధిగా అరుగు మీదికి వచ్చేశాడు.

వానలు పడేనాటికి మందు పట్టింది. ఒక ఉదయం కొట్టులో గిన్నె పడ్డ చప్పుడైంది. సదాశివ చిరునవ్వు నవ్వాడు.

“మనసు ఇప్పుడు గిన్నెలు సుత పడేస్తున్నది,” అని టోపీ పెట్టుకుని బయల్దేరాడు. ఠాణాకు అందరికంటే ముందు చేరాడు.

“షాబాష్ మున్షీ!” అమీన్ సాబ్ భుజం తట్టాడు. “గట్లనే నీ బావమరిది జాడ సుత జెర చెప్పు.”

“దొరికితే ముందు మీకే చెప్త హుజూర్,” అన్నాడు సదాశివ. మనస్ఫూర్తిగానే అన్నాడు.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం బొల్లారం చేరింది. వీధుల్లో జెండాలు, జనం. ఠాణాలో అమీన్ సాబ్ కుర్చీ ఖాళీ. ఈ సంగతి ఎవరి చెవిన వెయ్యాలో తెలియక సదాశివ ఇంటికొచ్చాడు. పెరట్లో జకర్యా, పక్కన కమలాబాయి నిలబడి ఉన్నారు.

“సదాశివగారూ, ఇవాళ కొట్టు తెరిచి చూడొచ్చండీ.”

“ఎందుకు డాక్టర్ సాబ్? నాకు నయమైంది.” సదాశివ ఛాతీ విరుచుకున్నాడు. “అండ్ల కట్టెలు దప్ప ఏమున్నయ్? నేను చూడ.”

కమలాబాయి ఏడుస్తూ, నవ్వుతూ తాళం తీసింది. లోపలి నుంచి కుంటుతూ వచ్చిన మధుసూదన్‌ను జకర్యా ఒక కట్టెమొద్దు మీద కూర్చోబెట్టి, సంచిలోంచి కత్తెర తీసి, తూటా దిగిన అతని తొడకు ఎండాకాలం నుంచి తాను కడుతూ వచ్చిన కట్టును ఆఖరిసారి విప్పాడు.