ఒత్తుల్లేని శుభాకాంక్షలు

ఆగస్టు 12. పొద్దున లేవగానే నా గది తలుపు కింద ఒక చీటీ: “సుచిత్రమ్మకు పుటినరోజు సుబాకాంషలు.” దిల్‌సుఖ్‌నగర్‌లోని మా హాస్టల్ వంటమనిషి కనకమ్మ రాసింది.

తెలుగు ఎం.ఏ. చదివే నాకా ఈ కానుక! ఎర్రసిరాతో తప్పులన్నీ దిద్ది, అందరూ నవ్వాలని మెస్ గోడకు అంటించాను. తర్వాత ఎల్బీనగర్ అనాథాశ్రమంలో అరటిపళ్ళు పంచి, సమాజానికి తిరిగి ఇచ్చేశానని ఫొటో పెట్టాను.

సాయంత్రం కనకమ్మ నోటుబుక్కు తెచ్చింది. నేను దిద్దిన వాక్యాన్నే పదిసార్లు రాసింది.

“గోడ మీద చూసి రాసిన బిడ్డా. నా తప్పులు గింత ఓపికగ ఎవ్వలూ దిద్దలే. జర చూడు, ఒత్తులు సక్కగ పడ్డయా?”

అది ఓపిక కాదు, వెటకారం. నోటుబుక్కు అందుకుని ఒక్కో ఒత్తూ చూశాను.

రేపు పొద్దున మెస్ తెరవగానే, అమ్మాయిలు లేవకముందే ఆ చీటీ పీకెయ్యాలి. ఎర్రకలం గదిలోనే వదిలేసి, ఇడ్లీలు ఉడికేలోపు ఆమెకు ఒత్తులు నేర్పాలి.