కొంగ మాట్లాడొచ్చిన ఒప్పందం

అడవిలో ఎలుగుబంటికి కిరాణా కొట్టుంది. అందులో పొట్లాలు కట్టే ఉడుతలూ, మూటలు మోసే ముసలి గాడిదా పొద్దస్తమానం నిలబడే ఉండాలి. కూర్చోడానికి పీటలివ్వాలని ఈసారి ఎలుగుతో చేసుకునే పని ఒప్పందంలో రాయించాలనుకున్నాయి. మాటకారి కదా అని, గిరాకీని పిలిచే కొంగని పంపాయి. వద్దని గాడిద మొత్తుకుంది, ఎవరు విన్నారు?

"నిలబడ్డం అంత కష్టమా, కొంగబావా?" అంది ఎలుగు.

"కష్టమేముంది మామా, నేను ఒంటికాలి మీదే నిలబడతాను," అంది కొంగ గొప్పగా.

పీటల మాట అక్కడితో సరి.

"కాళ్ళ నొప్పులున్నవాళ్ళని పంపండర్రా అంటే వినరు," అని విసుక్కుంటూ గాడిద వెళ్ళి కొట్టు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. దాని పక్కనే ఉడుతలూ కూర్చున్నాయి.

"లేవండి, బేరాలు పోతున్నాయి," అంది ఎలుగు.

"పీటలు తెప్పించు. లేచి వాటిమీద కూర్చుంటాం," అంది గాడిద.