పడమటి దిక్కు గద్దలు

"పడమటి దిక్కు నీది గంగులమ్మా. గడ్డిలోకి దిగిందే లెక్క. పైన తిరిగేది లెక్క కాదు," అన్నాడు గోపాలస్వామి.

మూడేళ్ళుగా వింటున్న మాటే. గంగులమ్మ చీర కొంగు ఒడి చేసి పట్టుకుని గుట్ట మీద బండకు ఆనుకుని కూర్చుంది. రాయడం రాదు కాబట్టి ఆమెది రాళ్ళ లెక్క. ఒక గద్ద దిగితే ఒడిలో ఒక చిన్న రాయి.

గోపాలస్వామి మదనపల్లెలో ఉద్యోగి. ప్రతి మార్చిలో మెడలో బైనాక్యులర్ వేసుకుని, ముగ్గురు స్నేహితులతో సదుం దగ్గరున్న ఈ పల్లెకు వస్తాడు. చలికాలమంతా మన పొలాల మీద తిరిగిన పిల్లిగద్దలు, ఉత్తరాదికి ఎగిరిపోయే ముందు గుట్ట కింది బోదగడ్డి బీడులో చేరతాయి. పొద్దు వాలాక అవి గూటికి దిగినట్టు దిగుతుంటే వీళ్ళు లెక్కపెడతారు. జీతం లేదు, బత్తెం లేదు. పిచ్చి అంటే అదీ.

గంగులమ్మకు ఆ పిచ్చి లేదు. గద్దంటే ఆమెకు కోడిపిల్లల్ని తన్నుకుపోయే దొంగపీనుగ. ఆమె వచ్చింది పగ తీర్చుకోవడానికి.

ఆ ఆరెకరాల బీడు ఆమె మొగుడి వాటా. ఎనిమిదేళ్ళ కిందట మొగుడు చనిపోగానే మరిది వెంకటరమణప్ప పట్టా తన పేరున రాయించుకుని తన చేనులో కలిపేసుకున్నాడు. వదిన నోట్లో మట్టి కొట్టాడు. ఆ భూమి తన పేరుకు మార్చమని ఆమె మండలాఫీసులో అర్జీ పెట్టి చెప్పులరిగేలా తిరిగింది. ఈలోగా కొడుకు బడి మానేసి కుప్పంలో మెకానిక్ షెడ్డులో చేరాడు. తిరిగి తిరిగి విసుగెత్తి తిరగడం మానేసింది గానీ, కడుపులో మంట ఆరలేదు.

అలాంటప్పుడు వచ్చిన మొదటి ఏడు గోపాలస్వామి మాటవరసకు అన్నాడు: "మూడేండ్లు వరసగా మున్నూరు దాటితే గవర్నమెంటోళ్ళు ఈ బీడుకు కంచె ఏస్తారమ్మా. ఇంక నాగలి దిగకూడదు, మేక పోకూడదు, అమ్మకూడదు. పట్టా ఎవురి పేరున ఉన్నా ఊరికే ఉండాల్సిందే."

నాకు దక్కనిది వాడికి మాత్రం యాల దక్కల్ల, అనుకుంది గంగులమ్మ. మర్నాడే గుట్ట ఎక్కింది.

మొదటి ఏడు మూడు వందల పన్నెండు. రెండో ఏడు మూడు వందల నలభై. ఆ సంబరంలో కొళాయి దగ్గర నోరు జారింది కూడా.

"ఇంగొక్క ఏడు దాటనీ రమణప్పా. నీ బీడు గద్దల పాలయితాది, నా కండ్లు సల్లబడతాయి."

వెంకటరమణప్ప గడ్డికి నిప్పు పెడతాడని ఊరంతా అనుకుంది. గంగులమ్మ రోజూ పోయి చూసొచ్చేది. అతను నిప్పు పెట్టలేదు. పైగా మేకలు తోలుకొచ్చిన వాళ్ళను తరిమికొట్టాడు. ఈసారి లెక్కలవాళ్ళు రాగానే చాపలు పరిపించాడు. ఇవాళ మజ్జిగ బిందె తనే మోసుకుని గుట్ట ఎక్కాడు.

"తాగండి సార్. మా ఊరి గద్దలు పేపర్లో పడల్ల," అన్నాడు. తర్వాత ఇటు తిరిగి, "నువ్వూ తాగు వదినా. ఎండలో కూసోనుండావు," అన్నాడు.

"నీ మజ్జిగ నీకాడే పెట్టుకో."

"నామీద కోపం ఆ గద్దల మీద సూపొద్దు వదినా. లెక్క బాగా సూడు. ఒక్కటీ తప్పిపోకూడదు." నవ్వుకుంటూ దిగిపోయాడు.

పేపర్లో పేరు పడుతుందని మురిసిపోతుండాడు ఎర్రినాయాల, అనుకుంది గంగులమ్మ. పోయేకాలమొస్తే ఇట్లాంటి బుద్ధులే పుడతాయి మరి.

పొద్దు వాలింది. గద్దలు వంకల మీదుగా కిందగా వచ్చి, గడ్డి మీద ఒక చుట్టు తిరిగి, ఒక్కొక్కటే దిగాయి. చూపు ఆనకుండా పోయాక గోపాలస్వామి మిగతా మూడు దిక్కుల లెక్కా కూడాడు. తూర్పు డెబ్బై ఒకటి. దక్షిణం తొంభై ఆరు. ఉత్తరం ఎనభై రెండు.

"రెండు వందల నలభై తొమ్మిదే," అన్నాడు నీరసంగా. "ఇంగా యాభైకి పైన ఉండల్ల. నీకాడ ఎన్నుండాయి గంగులమ్మా?"

ఆమె ఒడిలో ముప్ఫై ఎనిమిది రాళ్ళున్నాయి. ఎనిమిదేళ్ళ కక్ష డజను రాళ్ళ దగ్గర ఆగిపోతుందా? కాలు సర్దుకుంటున్నట్టు వంగి, బండ పక్కనుంచి ఒక గుప్పెడు ఒడిలోకి దోసింది.

"నువ్వే సూడు సారూ," అని ఒడి చాపింది.

యాభై తొమ్మిది. గోపాలస్వామి కళ్ళు తడిశాయి. గంగులమ్మ ఇంటికి పోయి రెండు ముద్దల సంగటి తిని హాయిగా పడుకుంది.

ఉగాది దాటాక పుంగనూరు నుంచి జీపు వచ్చింది. బడి ముందర ఊరు పోగయింది. గంగులమ్మ పెట్టెలోని చీర కట్టుకుని మరీ ముందు వరసలో నిలబడింది, మరిది మొహం ఎలా మాడుతుందో చూద్దామని. వెంకటరమణప్ప గోడకు ఆనుకుని ఆకు వక్క నములుతున్నాడు. నములు, ఇంకొంచేపే, అనుకుంది.

ఆఫీసరు కాగితం చదివాడు. దున్నకూడదు. మేపకూడదు. అమ్మకూడదు. ఒక్కో మాటకూ ఆమె కడుపు చల్లబడింది.

"గంగులమ్మ ఎవరు? వచ్చి వేలిముద్ర వెయ్యమ్మా," అన్నాడు ఆఫీసరు.

ఆమె తల ఎత్తుకుని మరిది ముందు నుంచే నడిచిపోయింది. "సాచ్చిగానా సారూ?" అని ఇంకుప్యాడ్ మీద వేలు పెట్టింది.

"సాక్షిగా కాదమ్మా, పట్టాదారుగా; నువ్వెప్పుడో పెట్టిన అర్జీకి ఒప్పుకుని మీ మరిది నాలుగు నెలల కిందటే ఈ ఆరెకరాలూ నీ పేరుకు మార్పించినాడు."