పన్నెండు అంగలు

గోల్ గీత నుంచి పెనాల్టీ చుక్క దాకా కెప్టెన్ అంగలేసి చూసింది. తొమ్మిదే వచ్చాయి.

"బాబాయ్, పన్నెండుండాలిగా."

సున్నం డబ్బా పట్టుకున్న గ్రౌండ్ మేస్త్రి నవ్వాడు. "ఆడపిల్లలు, అంత దూరం ఏం పరిగెత్తుతారని మైదానమంతా కాస్త కుదించి గీశానమ్మా. మీ మంచికే."

ఆడవాళ్ళ కొత్త ఫుట్‌బాల్ క్లబ్బుకి అది మొదటి మ్యాచ్. గ్యాలరీ అప్పటికే నిండుతోంది.

ఆమె బూటుతో చుక్కను చెరిపేసింది. "మాకు జీతమిచ్చేది పూర్తి మైదానంలో ఆడటానికి. మళ్ళీ గియ్యి."

"ఇప్పుడా? మ్యాచ్ ఆలస్యమైపోదూ?"

"ఇన్నేళ్ళు ఆగాం. ఇంకో గంట ఆగలేమా?"

వెనక జట్టంతా వరసగా నిలబడి గీతలు చెరపడం మొదలుపెట్టింది.

మేస్త్రి సున్నం డబ్బా కింద పెట్టాడు. కొలతాడు తీసి, ఒక కొస ఆమె చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకో. ఇంతమంది ముందు గీత వంకరపోతే నాకు నామర్దా."